లాటరీ లెక్క, పల్లె లెక్క

పంచాయతీ సభ్యులారా!

ఎన్నికలలో ఇద్దరికి ఓట్లు సమానముగా వచ్చినప్పుడు చీట్లు వేసి గెలుపును నిర్ణయించుట మీరెరిగినదే. ఆ చీటీకి వెల లేదు. దానివలన ఎవ్వరి సొమ్మును పోదు. వెల పుచ్చుకొని చీట్లు అమ్మి, అందరి సొమ్మును ఒకచోట కూడబెట్టి, అందు కొంత భాగమును చీటీ పలికిన కొందరికి పంచుటయే లాటరీ. అది ఎట్లు పుట్టినది, ఎట్లు నడచుచున్నది, మన గ్రామములకు దానితో నేమి పని యను విషయములను మేము మీకు మనవి చేయుదుము.

మన దేశమున రాష్ట్ర ప్రభుత్వములలో మొదట ఈ పనికి పూనుకొన్నది కేరళ. 1967లో అందుకై ప్రత్యేక శాఖను నెలకొల్పి, 1968 జనవరి 26న తొలి డ్రా తీసిరి. టిక్కెట్టు వెల ఒక రూపాయి. మొదటి బహుమతి 50,000 రూపాయలు. ప్రభుత్వమునకు రాబడియు, టిక్కెట్లు అమ్ము పేదలకు జీవనమును కలుగునని వారి తలంపు. పిమ్మట పలు రాష్ట్రములు అదే బాట పట్టినవి.

అమెరికాలో జనసంఖ్య తక్కువగల రాష్ట్రములు ఒంటరిగా పెద్ద బహుమతుల నీయజాలకపోయెను. అందుచే 1987లో కొన్ని రాష్ట్రములు కూడి సంఘముగా నేర్పడి, 1988లో ఉమ్మడి లాటరీని ప్రారంభించినవి. 1992లో దాని స్థానమున వచ్చిన ఆటయే పవర్‌బాల్. నేడది 45 రాష్ట్రములలో అమ్ముడగుచున్నది. ఆడువాడు 69 అంకెలలో అయిదింటిని, వేరుగా 26 అంకెలలో ఒకదానిని ఎన్నుకొనవలెను. ఆరును సరిపోయినచో పెద్ద బహుమతి లభించును. ఎవ్వరికిని సరిపోనిచో ఆ సొమ్ము తరువాతి డ్రాకు చేరి పెరుగుచుండును. 2022 నవంబరులో అది 204 కోట్ల డాలర్లకు పెరిగెను.

అంత సొమ్ము ఎట్లు కూడెను? పలుమార్లు ఎవ్వరికిని తగులకపోవుటచేతనే కూడెను. అది తగులు అవకాశము 29,22,01,338లో ఒకటి. 2011 జనాభా లెక్కల ప్రకారము ఉమ్మడి అనంతపురము జిల్లాలో సుమారు 41 లక్షల మంది కలరు. అట్టి జిల్లాలు డెబ్బదికి పైగా ఒకచోట చేర్చి, అందుండి ఒక్కని పేరు తీసినట్లని యెరుగుడు. 1992లో ఈ అవకాశము సుమారు అయిదున్నర కోట్లలో ఒకటిగా నుండెను. అంకెలను మార్చుచు 2015 నాటికి దానిని ఇంత దుర్లభము గావించిరి. గెలుపు దుర్లభమైనకొలది సొమ్ము కూడును; సొమ్ము కూడినకొలది టిక్కెట్లు అమ్ముడగును. ఇదియే ఆ వ్యాపార రహస్యము. అమ్మకపు సొమ్ములో సుమారు సగము మాత్రమే బహుమతులకు పోవును.

మన దేశమున 2001లో సిక్కిం ప్రభుత్వము పేర, యంత్రముల ద్వారా పలు రాష్ట్రములలో అమ్మిన ప్లేవిన్ లాటరీ ఈ కోవలోనిదే. 1998 నాటి కేంద్ర చట్టము లాటరీలకు కట్టుబాట్లు విధించినది. ఒంటి అంకెపై బహుమతి ఈయరాదు. డ్రాను ప్రభుత్వమే నడుపవలెను. ఒక లాటరీకి వారమునకు ఒక డ్రాకు మించరాదు. లాటరీ ప్రభుత్వముదైనను జూద స్వభావము గలదేయని 1999లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. తమిళనాడు 2003లోను, మన పొరుగున నున్న కర్ణాటక 2007లోను లాటరీలను నిషేధించినవి. మన రాష్ట్రము నేడు లాటరీ నడుపుట లేదు.

అయినను లాటరీ మారువేషములతో పల్లెకు వచ్చుచున్నది. మొదటిది మట్కా. పది అంకెలలో ఒకదానిపై పందెము కట్టించుకొని, గెలిచినవానికి తొమ్మిదింతలు ఇచ్చుట అందు వాడుక. పదిమంది తలకొక పది రూపాయలు కట్టినచో నూరు చేరును, తొంబది తిరిగివచ్చును. మిగిలిన పదియు ప్రతి ఆటలోను నడుపువానివే. రెండవది లక్కీ చీటీ. ఊరి చీటీపాటలో ప్రతి సభ్యునికి ఎప్పుడో ఒకప్పుడు తన వంతు సొమ్ము దక్కును. లక్కీ చీటీలో పేరు పలికినవాడు వస్తువుతో తప్పుకొనును. మిగిలినవారు కట్టుచునే యుందురు. అట్టి వానిని 1978 చట్టము నిషేధించినది. మూడవది విదేశీ లాటరీ తగిలినదని, ముందుగా పన్ను పంపుమని ఫోనునకు వచ్చు సందేశము. కొనని టిక్కెట్టు తగులదు. పైగా లాటరీ టిక్కెట్ల నిమిత్తము విదేశములకు సొమ్ము పంపుట నిషిద్ధము. మోసపోయినవారు వెంటనే 1930 నంబరునకు తెలుపవలెను.

వాన నమ్మి వేరుసెనగ విత్తుటయు జూదమే కదా యని మన రైతులు నిట్టూర్చుట కద్దు. ఆ మాటలోని బాధ మేమెరుగుదుము. కాని కాయ రాని యేట కట్టెయైనను పశువులకు మేత యగును; తగులని టిక్కెట్టునకు ఆపాటి విలువయు లేదు. దినమునకు 50 రూపాయలు ఒడ్డువాడు ఏడాదికి 18,250 రూపాయలు ఒడ్డుచున్నాడు. అది విత్తనమునకో, పిల్లల చదువునకో అక్కరకు రాదగిన సొమ్ము.

అప్పులలో మునిగినవానికే ఈ ఆశ అధికము. కావున ఆడినవానిని నలుగురిలో నవ్వులపాలు చేయకుడు. ఆడించువానిని పోలీసులకు తెలుపుడు. గ్రామసభలో ఒకమారు ఈ లెక్కను పలకపై వ్రాసి చూపుడు. పొదుపు సంఘముల అక్కచెల్లెండ్రకు వివరింపుడు. లెక్క తెలిసిన ఊరిలో మట్కా చీటీకి గిరాకీ తగ్గును.