మనిషి దిగిపోయిన విమానము

విమానమును పైకి లేపుటకంటె నేలకు దింపుట కష్టమని వైమానికులు చెప్పుదురు. వేగమెంత, ఎత్తెంత, ముక్కు ఎంత పైకెత్తవలెనని క్షణక్షణమును చూచుకొనుచు, చేతితోను కాలితోను సవరించుకొనుచు వచ్చినగాని చక్రములు నేలను మెత్తగా తాకవు. అట్టి పనిని, లోపల మనిషి యన్నవాడు లేకుండ, చక్రములైనను బయటికి రాకుండ, ఒక యుద్ధ విమానము తనంతట తానే చేసినది. 1970వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన అమెరికాలోని మాంటానా రాష్ట్రమున జరిగిన ఆ సంగతిని ఈ ప్రసంగములో చెప్పదలచినాము. వినుటకు కట్టుకథవలె నుండును గాని, ఆ విమానము నేటికిని ఉన్నది. చూడగోరినవారు పోయి చూడవచ్చును.

ముందుగా ఆ విమానమెట్టిదో చెప్పవలెను. దాని పేరు ఎఫ్-106, డెల్టా డార్ట్. కాన్వేర్ అను సంస్థ నిర్మించినది. గోదావరియు కృష్ణయు సముద్రమున కలియుచోట ఏర్పడిన నేలను మనము డెల్టా యనుచున్నాము గదా. గ్రీకులిపిలోని ముక్కోణపు అక్షరమునుండి వచ్చిన ఆ మాటయే ఈ విమానపు రెక్కలకును పేరైనది. పైనుండి చూచినచో అది ఒక పెద్ద ముక్కోణమునకు సూదిముక్కు అతికించినట్లుండును. పొడవు 70 అడుగులకు పైచిలుకు. రెక్కల కొసనుండి కొసకు 38 అడుగులు. తోకవద్ద అడ్డురెక్కలు లేవు. ఒక్కటే ఇంజను, ఒక్కడే వైమానికుడు. 1959లో కొలువున చేరిన ఈ జాతి విమానమొకటి ఆ యేటి డిసెంబరులోనే గంటకు 1,525 మైళ్లకు మించిన వేగముతో ప్రపంచ రికార్డు నెలకొల్పెను. సోవియట్ బాంబర్లు ఉత్తర ధ్రువము మీదుగా వచ్చిపడునేమో యన్న భయము ఆ దినములలో అమెరికాను పీడించుచుండెను. వానికి ఎదురేగి కూల్చుటకే ఇవి పుట్టినవి. మాంటానాలోని మాల్మ్‌స్ట్రామ్ వైమానిక స్థావరము అట్టి కాపలాచోటులలో నొకటి.

ఆనాడు ఆ స్థావరమునుండి అభ్యాసమునకై లేచిన విమానములలో నొకదానిని నడుపుచున్నవాడు గారీ ఫౌస్ట్ అను యువకుడు. వెంటాడుటయు, వెంటాడువానిని తప్పించుకొనుటయు నేర్చుకొను ఉత్తుత్తి పోరాటమది. ముప్పదివేల అడుగులకు పైని, ఒక బలమైన మలుపులో ఫౌస్ట్ విమానము పట్టు తప్పెను.

పట్టు తప్పుట యనగా నేమి? రెక్కలమీదుగా గాలి సాఫీగా జారిపోవుచున్నంతవరకే విమానము గాలిలో నిలుచును. మలుపు మితిమీరి ముక్కు మరీ పైకెక్కినచో ఆ గాలిధార రెక్కను విడిచి చెదరిపోవును. రెక్క అప్పుడు వట్టి రేకుతో సమానము. అట్టి విమానము గిరగిర తిరుగుచు పడిపోవును. ముక్కు క్రిందికి వంచి తిరిగినచో నేర్పరియైనవాడు సవరించుకొనగలడు. ముక్కు వంచక బల్లపరుపుగా తిరిగినచో మాత్రము ప్రాణగండమే. దీపావళినాడు వాకిట తిరుగు భూచక్రమును తలచుకొనుడు. అది వాకిటగాక ఆకాశమున తిరుగుచు, తిరుగుచు క్రిందికి వచ్చుచున్నట్లు ఊహింపుడు. గాలి ఎదురుగా రాక అడుగునుండి కొట్టుచుండును గనుక, చుక్కాని ఎటు త్రిప్పినను యంత్రము మాట వినదు.

ఫౌస్ట్ తనకు నేర్పిన ఉపాయములన్నియు చేసి చూచెను. నేలకు దిగిన పిదప పరుగు నాపుటకై తోకవద్ద అమర్చియుండు పారాషూటును సైతము కడపటి ప్రయత్నముగా గాలిలోనే విప్పెను. ఫలము లేకపోయెను. సుమారు 15,000 అడుగుల ఎత్తునకు వచ్చునప్పటికి ఇక విడువవలసినదే యని నిశ్చయించుకొని, వైమానికుని ఆసనముతోకూడ బయటికి చిమ్మివేయు యంత్రమును కదలించెను. గది పైకప్పు ఎగిరిపోయెను. దానివెంట ఆసనమును, ఆసనముతో ఫౌస్టును శూన్యములోనికి పోయిరి.

అంతవరకు ఎవ్వరిమాటయు వినని విమానము అప్పుడు తిరుగుట మానెను. ముక్కు వంచెను. రెక్కలు సమము చేసికొనెను. ఇంజను మెల్లగా తిరుగుచుండగా, బుద్ధిమంతుడైన విద్యార్థివలె ఏటవాలుగా నేలవైపు సాగిపోవ నారంభించెను. పారాషూటున వ్రేలాడుచున్న ఫౌస్ట్ తన విమానము తన్ను విడిచి చక్కగా పోవుచుండుటను చూచెను. సహచరులలో నొకడు రేడియోలో, తిరిగి లోపలికెక్కుట మంచిదని అతనికి సలహా చెప్పెనని ప్రతీతి. గాలిలో వ్రేలాడువానికి ఆ సలహా ఎంతమాత్రము ఉపయోగపడునో శ్రోతలే ఊహించుకొందురు గాక.

ఇది ఎట్లు సంభవించెను? దైవఘటన యనువారితో మేము తగవు పెట్టుకొనము. కాని నిపుణులు చెప్పిన కారణము వినదగియున్నది. పడవనుండి ఒడ్డునకు దూకినప్పుడు పడవ వెనుకకు తన్నుకొనిపోవుట మన గోదావరితీరమువారికి కొత్తగాదు. ఆసనమును పైకి చిమ్మిన బలము ఆ విధముగనే విమానపు ముందుభాగమును క్రిందికి నెట్టెను. దానికితోడు మనిషి బరువు, ఆసనపు బరువు, పైకప్పు బరువు ఒక్కమారుగా తొలగిపోవుటచే తూకము మారెను. ముక్కు వంగగానే గాలి మరల ఎదురుగా వచ్చి రెక్కలమీద పారెను. రెక్క మరల రెక్కయయ్యెను. అంతకుముందే ఫౌస్ట్ సవరింపు ప్రయత్నములలో భాగముగా మీటలను, నేలనుండి లేచునప్పుడు ఉండవలసిన తీరున అమర్చియుండెను, ఇంజనును తగ్గించియుండెను. చేయి తీసినను ఆ అమరిక చెడలేదు. కనుక విమానము నిట్టనిలువున కూలక, నిదానముగా జారెను.

అదృష్టము లేదనుటకు వీలులేదు. ఎదుట కొండయున్నను, ఊరున్నను కథ వేరుగా నుండెడిది. బిగ్ శాండీ అను చిన్న పట్టణమునకు చేరువను మంచు కప్పిన పొలమొకటి దానికి దొరకెను. విశాలమైన ముక్కోణపు రెక్క నేలను సమీపించినప్పుడు దానికిని నేలకును నడుమ గాలి నొక్కుకొని పరుపువలె ఆనును. ఆ పరుపుమీద దిగి, పొట్టతో మంచును రాచుకొనుచు జారి, విమానము నిలిచెను.

నిలిచెను గాని ఊరకుండలేదు. ఇంజను ఇంకను తిరుగుచునే యుండెను. ఆ ప్రాంతపు పోలీసు అధికారియైన షెరిఫును, ఊరివారును వచ్చి చూతురుగదా, నరుడు లేని యుద్ధ విమానము పొలము నడుమ గర్జించుచున్నది! వేడికి అడుగున మంచు కరగినకొలదియు, ఇంజను త్రోపునకు, ఉండియుండి కొంచెము కొంచెముగా ముందుకు జరుగుచున్నది. షెరిఫు స్థావరమునకు కబురంపగా, చమురు అయిపోవువరకు దాని జోలికి పోవద్దని ఉత్తరువు వచ్చెను. అట్లు గంటయు మూడుపాతిక కాలము, అనగా 105 నిమిషములు, కాచుకొనియుండవలసి వచ్చినది. ఫౌస్ట్ కొండలలో దిగెను. మంచుమీద నడచు మోటారు బండ్లపై అక్కడి ప్రజలు పోయి అతనిని తీసికొనివచ్చిరి.

ఈ సంగతి తెలిసినవారు తరచుగా నవ్వుదురు. ఉండియుండినచో విమానముతోపాటు క్షేమముగా దిగియుండెడివాడు గదా యందురు. ఈ నవ్వు న్యాయము కాదని మా అభిప్రాయము. అతడు లోపల నున్నంతవరకు తూకము మారలేదు. అతడు చిమ్మబడినందుననే ఆ తాకిడి తగిలినది. విమానము దక్కుటకు ఒక కారణము అతడు దానిని విడుచుటయే. పైగా, లక్షలకొలది డాలర్ల యంత్రమును విడుచుటకు మనసొప్పక ఇంకొక్క ప్రయత్నము, ఇంకొక్క ప్రయత్నమని కూర్చుండి నేలపాలైన వైమానికులు ఏ దేశపు సైన్యములోనైనను కలరు. ఎప్పుడు విడువవలెనో తెలియుటయు వారి చదువులో భాగమే. ఆ చదువు ఫౌస్టునకు వంటబట్టియుండెను.

విమానమును తీసికొనిపోవుటకు వచ్చినవారు చూడగా దెబ్బలు స్వల్పము. ఇంకొంచెము తక్కువ తగిలియుండినచో ఇక్కడనుండియే ఎగురవేసికొని పోయియుందునని ఒక అధికారి అనెనట. విడదీసి రైలుబండిమీద పంపిరి. మరమ్మతు చేసి మరల కొలువున చేర్చిరి. 1979లో ఫ్లోరిడాలోని టిండల్ స్థావరమున శిక్షణకు వచ్చిన ఫౌస్టునకు ఈ విమానమే తటస్థపడెను. తొమ్మిదేండ్లనాడు తాను విడిచిపోయిన ఆసనముచోట మరల కూర్చుండి, లేచి, ఎగిరి, ఈసారి దానితోకూడ దిగెను.

తక్కిన ఎఫ్-106 విమానములకు ఇంత చక్కని ముదిమి దక్కలేదు. 1988 నాటికి అవి సైనిక దళములనుండి తొలగింపబడెను. వానిలో అనేకము, మనిషి లేకుండ దూరమునుండియే నడుపబడు గురివిమానములుగా మార్చబడి, 1990 తరువాతి యేండ్లలో క్షిపణుల పరీక్షలకు ఆకాశమున బలియైనవి. ఒకనాడు దానంతట అది మనిషి లేకుండ ఎగిరినది మాత్రము ఆ గతినుండి తప్పించుకొన్నది. న్యూయార్కు రాష్ట్రములోని గ్రిఫిస్ స్థావరపు దళమున కడపటి సేవ చేసిన పిదప, 1986 ఆగస్టులో దానిని ఒహాయో రాష్ట్రమున డేటన్ నగరముచెంతనున్న వైమానికదళ ప్రదర్శనశాలకు చేర్చిరి. రైట్ సోదరుల స్వస్థలమైన ఊరది. అక్కడికి పోవువారు దానిని ‘కార్న్‌ఫీల్డ్ బాంబర్’ అను ముద్దుపేరుతో విచారింపవచ్చును. అది బాంబరు కాదు, బాంబర్లను తరుముటకు పుట్టినది. అయినను ఆ పేరే నిలిచిపోయినది. దాని సంఖ్య 58-0787.