విన్న గాత్రము, కన్న గాయకుడు



గాయకుని యెదుట కూర్చుండి వినుటయు, యంత్రముద్వారా వినుటయు నొక్కటి కాదని రేడియోలోనే చెప్పుట కొంత సాహసము. అయినను నేను చెప్పబోవు గాత్రమును మా యింటికి దెచ్చినవారు ఆకాశవాణివారే గనుక మన్నింతురని నమ్ముచున్నాను. అది మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి గాత్రము.

ఆయన 1930లో కోనసీమయందలి శంకరగుప్తమున జన్మించిరి. తండ్రి సంగీతవిద్వాంసులు, తల్లి వైణికురాలు. గురువులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు. వారి గురువులు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు. ఆ పరంపర మానాంబుచావడి వేంకటసుబ్బయ్యగారి ద్వారా త్యాగరాజస్వామిని జేరును. ఎనిమిదవ యేటనే విజయవాడలో కచేరీ చేసిరి. తరువాత అచ్చటి రేడియోకేంద్రమున భక్తిరంజనిని ప్రారంభించినదియు వారే. 72 మేళకర్తలయందును కృతులు రచించి, 2016లో చెన్నపట్టణమున దివంగతులైరి.

నా బాల్యమున తెల్లవాఱగనే ఆ భక్తిరంజని మా వీథిలో నాలుగైదిండ్లనుండి యొక్కసారిగా వినవచ్చుచుండెను. ఒకవంక రామదాసు కీర్తన, వేఱొకవంక నా యమరపాఠము. శ్లోకము తప్పినచో మా తండ్రిగారు మందలించువారు. కాని కీర్తన వచ్చుచున్నంతసేపు మందలింపును గూడ నిలిపి యుంచువారు.

అంతటి యభిమానికిని ఒక్క విషయమున పట్టింపు కలదు. బాలమురళిగారు నాలుగేసి స్వరములతో మహతి, లవంగి మొదలగు రాగములను కల్పించిరి. ఐదింటికి తక్కువైనది రాగము గాదని పూర్వలక్షణకారుల మతము. పండితలోకమున వాదము రేగినది. "గొంతు దేవుడిచ్చినది, ఈ నాలుగు స్వరములు మాత్రము ఆయన తెచ్చిపెట్టుకొన్నవి" అని మా తండ్రిగారు తల యడ్డముగా త్రిప్పువారు. ఒక్కమాఱు ప్రత్యక్షముగా వినవలెనని యనుచుండియే, ఆ కోరిక తీఱకుండ గతించిరి.

బాలమురళిగారికి 60 యేండ్లు దాటిన పిమ్మట విజయవాడలో జరిగిన యొక కచేరీకి మా తల్లిగారిని వెంటబెట్టుకొని పోయితిని. ముందుగా నన్ను తాకినది మంద్రస్థాయి. చిన్న రేడియోపెట్టె మంద్రమును సగము మ్రింగివేయును. అచ్చట ఆయన క్రిందికి దిగి నిలిచినప్పుడు, చెవికంటె ముందు ఱొమ్మునకు దెలిసెను. ధ్వనివర్ధకమును మఱికొంత తగ్గించియున్నచో ఇంకను బాగుండెడిది. మనవారికి చప్పుడుపై నేలయో యింత మక్కువ! ఇక ముఖము. పైస్థాయికి పోవునపుడు కనుబొమ ముడివడుట గాని, దవడ వంకరవోవుట గాని లేదు. ఇంట పిల్లలతో వేళాకోళమాడు పెద్దమనిషి చిరునవ్వే తుదివఱకు నుండెను.

అంతట మహతి నెత్తుకొనిరి. షడ్జము, గాంధారము, పంచమము, నిషాదము, అంతే. స్వరమునకు స్వరమునకు నడుమ కాలువ దాటునంత యెడము. రేడియోలో ఆ యెడమును నేను మౌనమనియే యెఱుగుదును. సభలో దానిని తంబుర నింపుచుండెను. ఆయన చూపు ఫిడేలు విద్వాంసునిపై నిలిచియుండెను. ఆ విద్వాంసుని వ్రేలు అలవాటు చొప్పున మధ్యమముపైకి వంగి, తంతిని తాకకయే గాలిలో నిలిచిపోయెను. ఆయన నవ్వెను; ఈయన నవ్విరి. విడిచిన మూడు స్వరములు పాడిన నాలుగింటికి గట్లవలె నాకు గోచరించెను. వాదము తీఱినదని నేననను. లక్షణగ్రంథము తన చోట తానున్నది. ఆ వ్రేలు ఆగుటను మా తండ్రిగారు చూచియుండవలసినదని మాత్రము తోచినది.

రిక్షాలో వచ్చుచు మా తల్లిగారు "అది ఏ రాగము, నాయనా?" అని యడిగిరి. చెప్పితిని. "నాలుగేనా! మీ నాన్నగారు ఒప్పుకోరు" అని, మా వీథి మలుపు వచ్చువఱకు ఆ నాలుగింటినే కూనిరాగము తీయుచుండిరి.