ఆకాశపు గాలి నుండి కంటి పుండు వరకు

మేడ్చల్, శామీర్‌పేట అనగానే నేడు టీకాల కర్మాగారములు తలపునకు వచ్చును. మేడ్చల్‌లోని శాంతా బయోటెక్నిక్స్ వారు 1997లో హెపటైటిస్-బి టీకాను తెచ్చిరి. శామీర్‌పేట చెంత జీనోమ్ వ్యాలీ వెలసినది. అదే మేడ్చల్ జిల్లాలో, ఇ.సి.ఐ.ఎల్. వద్ద, టాటా ఇన్‌స్టిట్యూటు వారి బెలూను కేంద్రమును కలదు. అచ్చటినుండి లేచు బెలూనులు ఖగోళ పరిశోధనకై పరికరములను మోసికొనిపోవును. చుక్కలను చూచువారికిని, రోగములతో పోరాడువారికిని పొత్తు ఎట్లు కుదురునని శ్రోతలు సందేహింపవచ్చును. డాక్టర్ ఎస్. శివాజీ గారి పరిశోధనలో అది కుదిరినది. వారిని గూర్చియే మేము నాలుగు మాటలు చెప్పదలచితిమి.

శివాజీ గారు హబ్సిగూడలోని సి.సి.ఎం.బి.లో సూక్ష్మజీవుల పరిశోధకులుగా ఉండిరి. అంటార్కిటికా చలిలో బ్రతుకగల బాక్టీరియాలను శోధించి పేర్లు పెట్టిరి. ఆకాశపు గాలిని పరీక్షించుటకు అట్టివారు తగినవారే.

ప్రాణబీజములు తోకచుక్కల వెంట భూమికి వచ్చినవని ఫ్రెడ్ హాయిల్, చంద్ర విక్రమసింఘే వాదించిరి. అందలి నిజానిజములు శోధించుటకై జయంత్ నార్లికర్ గారి నాయకత్వమున 2005లో ఒక బెలూనును ఎగురవేసిరి. దాని పరిమాణము 2 కోట్ల 67 లక్షల ఘనపుటడుగులు! 16 ఉక్కు గొట్టములలోని గాలిని తీసివేసి, ఏ సూక్ష్మజీవియు మిగులకుండ శుద్ధిచేసి, అందు అమర్చిరి. వాని చుట్టును ద్రవ నియాన్. సున్నకు 246 డిగ్రీల దిగువ చలి. మూత తెరువగానే చొచ్చిన గాలి గొట్టపు గోడలకు గడ్డకట్టును. లోపల మరల శూన్యమే. మరికొంత గాలి చొచ్చును. 20 మొదలు 41 కిలోమీటర్ల ఎత్తున గాలి ఎంత పలుచనో తలచినచో ఈ ఉపాయపు విలువ తెలియును.

గొట్టములు గొడుగు సాయమున నేలకు దిగినవి. శివాజీ గారును, పుణె శాస్త్రజ్ఞులును వెదకగా 12 బాక్టీరియా సమూహములు, 6 బూజు సమూహములు కనబడినవి. వానిలో మూడు బాక్టీరియాలు లోకమునకు కొత్తవి. 2009లో వానికి హాయిల్ పేర ఒకటి, ఇస్రో పేర ఒకటి, ఆర్యభటుని పేర ఒకటిగా నామకరణమైనది. తమ దగ్గరి జ్ఞాతులకంటె ఇవి అతినీలలోహిత కిరణములకు ఎక్కువ ఓర్చుకొన్నవి. అయినను అవి భూమికి వెలుపల పుట్టినవని నిశ్చయముగ రుజువు కాలేదని ఇస్రో వారే చెప్పిరి. అంత శ్రమపడి ఆ మాట చెప్పుటకు గుండె కావలెనని మా అభిప్రాయము. పిమ్మట ఆర్యభటుని పేరిటి బాక్టీరియా మొక్కల వేళ్ళ చెంత మట్టిలోను దొరికినది. ఏ పొలము దుమ్మో పైకెక్కెనేమో!

సి.సి.ఎం.బి. పిమ్మట శివాజీ గారు ఎల్.వి. ప్రసాద్ నేత్రసంస్థలో చేరిరి. కోతల వేళ వరి ఆకు గీచుకొన్న కంటిలో బూజు చేరి పుండగుట, కడకు పువ్వు వేసి చూపు పోవుట మన పల్లెలలో ఎరుగనివారు లేరు. అట్టి రోగుల కంటిని కాక, ప్రేగులలోని బాక్టీరియాను వారి బృందము పరీక్షించినది. ఆరోగ్యవంతులలో ఉన్నట్లుగా అది లేదని 2018లో ప్రకటించిరి. ప్రేగులలోని బాక్టీరియా మారినందున కన్ను చెడినదా, కన్ను చెడి మందులు వాడినందున ప్రేగులలోనిది మారినదా అనునది ఇంకను తేలవలసియున్నది.