చెవిలో సర్పి

సర్పి యనగానే మనకు నడుమే జ్ఞాపకము వచ్చును. అది పామువలె నడుమును చుట్టుకొనుననియు, తల తోకను కలిసికొన్నచో ప్రాణాపాయమనియు పెద్దలు చెప్పగా మనలో పలువురము విన్నవారమే. ఆ భయమునకు ఆధారము లేదు. బాల్యమున ఆటలమ్మను కలిగించిన వైరసే దేహమును విడువక నరముల మొదళ్ళలో దాగియుండి, వార్ధక్యమునందో, ఒంటిలో శక్తి సన్నగిల్లినప్పుడో మేల్కొని, ఒక నరము వెంట చర్మమునకు వచ్చును. కుడివైపు నరములు వేరు, ఎడమవైపు నరములు వేరు. కనుకనే పొక్కులు సాధారణముగా ఒక ప్రక్కనే నిలిచిపోవును.

భయపడవలసిన చోటు వేరొకటి కలదు. ముఖమును కదలించు నరము చెవి చెంతనున్న ఎముకలోని సన్నని మార్గమున సాగిపోవును. వైరసు అచ్చట మేల్కొన్నచో తీవ్రమైన చెవిపోటు పుట్టును. చెవిడొప్పపైననో, రంధ్రములోపలనో నీటిపొక్కులు లేచును. వాచిన నరము ఆ ఇరుకులో నలిగి, ఆ వైపు మూతి వంకరపోవును, కన్ను మూతపడదు. వినికిడి తగ్గవచ్చును, తల తిరుగవచ్చును. అమెరికా నరవైద్యుడు జేమ్స్ రామ్సే హంట్ 1907లో దీనిని వివరించెను. నేటికిని ఈ వ్యాధి అతని పేరుతోనే వ్యవహరింపబడుచున్నది.

మన యిండ్లలో జరుగునదేమి? చెవిపోటుకు వెచ్చని నూనెచుక్కలు, పొక్కులకు ఎర్రమన్ను పూత, మూతివంకరకు పసరువైద్యము. వ్యాధి ఒకటి, ఉపాయములు మూడు! ఈలోగా దినములు గడచిపోవును. ఆ దినముల విలువ యెంతయో 1997లో జపాను వైద్యులు ప్రకటించిన పరిశీలన తెలుపుచున్నది. మూడు దినములలోపల మందు ఆరంభించినవారిలో నూటికి 75 మందికి ముఖము పూర్తిగా చక్కబడెను. ఏడు దినములు దాటిన పిదప ఆరంభించినవారిలో 30 మందికి మాత్రమే ఆ భాగ్యము కలిగెను.

ఆ మందులు దుర్లభములు కావు. వైరసును అణచు ఎసైక్లోవిర్ వంటిది ఒకటి, వాపును తగ్గించు స్టెరాయిడు ఒకటి. వైద్యుని పర్యవేక్షణలోనే వానిని వాడవలెను. మూతపడని కంటిని ఎండిపోకుండ, దుమ్ము పడకుండ కాపాడవలెను. 50 ఏండ్లు దాటినవారికి సర్పిని నివారించు టీకా 2023 నుండి మన దేశమునందును లభించుచున్నది.

శ్రోతలకు మేము మనవి చేయునది ఒక్కటే. ఇంటిలో ఎవరికైనను మూతి వంకరపోయినచో, అది పక్షవాతమో, మరియొకటో మనము తేల్చుకొనజాలము; ఆ గంటలోనే ఆసుపత్రికి కొనిపొండు. చెవిలో పోటు గాని, పొక్కు గాని యున్నచో, వైద్యుడు అడుగకమునుపే ఆ సంగతి చెప్పుడు.