అన్నము తగ్గించు విధము
(వార్షిక మహాసభలో చేసిన యుపన్యాసము)



ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు సంస్కృతాంధ్రములు చెప్పి విశ్రాంతి గైకొన్న మమ్ము, ఈ సంవత్సరము గూడ ఏదేని కావ్యవిషయమును ముచ్చటింపుమని కార్యదర్శిగారు కోరిరి. అన్నమును గూర్చి మాటలాడెదమని మేము బదులు వ్రాసితిమి. భోజనములకు విస్తళ్లు పరచుచుండగా అన్నము తగ్గింపుడని చెప్పువాని మాట యెవరికిని రుచింపదని యెరుగుదుము. అయినను గత రెండేండ్లలో మా యింట జరిగిన దానిని తలచుకొనగా, ఈ మాట చెప్పకుండుటయే దోషమని తోచినది.

మా కుమార్తె కూతురు పందొమ్మిదేండ్లది. ఏలూరిలో మా యింటనే యుండి చదువుకొనుచున్నది. ఆమెకు నెలసరి మూడు నాలుగు మాసముల కొకసారి గాని రాకుండెను. శరీరము బరువెక్కెను. గడ్డముమీద వెండ్రుకలు మొలచుటచే కళాశాలకు పోవుటకే సిగ్గుపడజొచ్చెను. వైద్యురాలు పరీక్షించి పి.సి.ఓ.ఎస్. అని చెప్పెను. ఈ సంగతి బయట పొక్కినచో సంబంధములు రావని భయపడి, మేము ఏడాదిపాటు దానిని దాచితిమి. పొరుగూరి వైద్యురాలికడకు పోవునపుడు గుడికి పోవుచున్నామని బంధువులతో బొంకితిమి. పిల్లలకు సత్యము పలుకుమని జీవితమంతయు బోధించిన మేమే యిట్లు చేసితిమి. నేడు ఆమె యనుమతితోనే చెప్పుచున్నాము. "తాతయ్యా, నా పేరు మాత్రం చెప్పొద్దు, నా సంగతి చెప్పండి" అని ఆమెయే మమ్ము పంపినది.

ఈ వ్యాధి యెట్టిదో ముందుగా తెలిసికొందము. మన శరీరమున కొన్ని గ్రంథులు తమ స్రావములను నేరుగా రక్తములోనికి విడుచును. వానినే హార్మోనులందురు. క్లోమమునుండి పుట్టు ఇన్సులిన్ వానిలో నొకటి. అన్నము, ఇడ్డెన, చక్కెర మున్నగు పిండిపదార్థములు జీర్ణమై గ్లూకోజుగా మారి రక్తమున చేరగా, ఇన్సులిన్ దానిని కండరములలోనికిని, కాలేయములోనికిని పంపును. కొందరి శరీరము ఇన్సులిన్ మాటను సులభముగా వినదు. అప్పుడు క్లోమము మరింత ఇన్సులిన్‌ను విడుచును. ఈ యధికమైన ఇన్సులిన్ స్త్రీల అండాశయములను ప్రేరేపించి పురుషలక్షణములు గల హార్మోనులను ఎక్కువగా పుట్టించును. అందుచే అండము సకాలమున విడుదల కాదు, నెలసరి తప్పును, మొగమున వెండ్రుకలు, మొటిమలు పుట్టును. లోకమున ప్రసవయోగ్యమైన వయస్సు గల స్త్రీలలో నూటికి సుమారు 10 మొదలు 13 మందికి ఈ వ్యాధి యున్నదనియు, వారిలో పెక్కురకు అది యున్నట్లే తెలియదనియు ప్రపంచ ఆరోగ్యసంస్థవారి లెక్క. షికాగో నగరమున స్టెయిన్, లెవెంతాల్ అను వైద్యులు 1935లోనే దీనిని వర్ణించిరి. కావున ఇది మా యింటి శాపము కాదు, ఆ బిడ్డ చేసిన తప్పును గాదు. క్లోమము అలసిపోయి ఇన్సులిన్ చాలకపోయినపుడు వచ్చునది మధుమేహము. అది మాకు పదునాలుగేండ్లుగా నున్నది. తాతకును మనుమరాలికిని వ్యాధులు వేరైనను మూలమున ఒక చుట్టరికము కలదు.

ఇక మన దేశభాగమును చూతము. సర్ ఆర్థర్ కాటన్ 1847లో ఆరంభించి 1852లో ముగించిన ధవళేశ్వరపు ఆనకట్టచే గోదావరి కాలువలు పారి, ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములు వరిపొలములైనవి. క్షామము తొలగినది. ఆ మహోపకారమును మరచుట కృతఘ్నత. కాని ఆనాడు ఆ యన్నము తిన్నవారు దుక్కి దున్నిరి, ఊడ్చిరి, కోసిరి, దంపుకొనిరి. నేడు మర తెల్లగా పాలిషు పట్టిన బియ్యమును కూర్చుండి తినుచున్నాము. ఎండు బియ్యము 100 గ్రాములలో సుమారు 78 గ్రాములు పిండిపదార్థమే. భారతీయులు తిను ఆహారశక్తిలో నూటికి 62 పాళ్లు పిండిపదార్థములనుండియే వచ్చుచున్నదని భారత వైద్య పరిశోధన మండలివారి దేశవ్యాప్త పరిశోధన 2025లో ప్రకటించెను. ఆ పరిశోధనయే 2023లో మన దేశమున మధుమేహులు 10 కోట్లకు పైగా నున్నారని తెలిపెను.

మన జిల్లాలోని మారుటేరు పరిశోధనాస్థానమున పుట్టిన స్వర్ణ వరి, అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు 2012లో ప్రకటించిన పరీక్షలో, రక్తమున చక్కెరను మెల్లగా పెంచు రకములలో నొకటిగా తేలినది. ఇది మనకు సంతోషకరమే. కాని మెల్లగా పెంచునది గదా యని మూడు మారులు మారు వడ్డించుకొన్నచో ఫలము పోవును.

మా విద్యకు సంబంధించిన మాట యొకటి మన్నింపుడు. చరకసంహితలో ప్రమేహమునకు హేతువులను చెప్పుచు, సుఖాసనమున కూర్చుండుట, అధికనిద్ర, పెరుగు, పాలు, క్రొత్త ధాన్యము, బెల్లపు వంటకములు అని లెక్కించిరి. ఇది చదివినప్పుడు మన పెద్దపండుగ విస్తరియే కన్నులకు గట్టినది. అయితే ఆ పట్టికలోనే జలచరముల మాంసమును, ఆనూపదేశపు, అనగా నీటిపట్టు ప్రదేశపు, మాంసమును గూడ చేర్చిరి. కొల్లేటి చేపలు తినువారికి అది యిష్టము కాదు. నేటి ఆహారశాస్త్రమును చేపను నిషేధింపదు. శాస్త్రములో మనకు నచ్చినంత మేరకే గ్రహించి తక్కినదానిని దాచి, అంతయు మనవారు ముందే చెప్పిరనుట న్యాయము కాదు. ఆ గ్రంథమున మాకు మిక్కిలి విలువైనదిగా తోచినది వేరొకటి. స్థూలుడును బలవంతుడును అగు ప్రమేహికి ఒక చికిత్సయు, కృశించి దుర్బలుడైన ప్రమేహికి వేరొక చికిత్సయు అందు చెప్పబడినవి. అందరికిని ఒకే పథ్యము పనికిరాదనుట దాని తాత్పర్యము.

ఈ తాత్పర్యమును మరచుటచేతనే మేము దెబ్బ తింటిమి. 2017, 2018 సంవత్సరములలో కోస్తా జిల్లాలయందు వీరమాచనేని రామకృష్ణగారి ఆహారవిధానము గొప్ప సంచలనము కలిగించిన సంగతి మీ యెరుకలోనిదే. ధాన్యములను చక్కెరను పూర్తిగా మాని కొబ్బరినూనె మొదలగు క్రొవ్వులపై ఆధారపడుట దాని ముఖ్యలక్షణము. వారు వైద్యవిద్య చదివినవారు కారు. పలువురు మేలు పొందితిమనిరి, వైద్యులలో పలువురు సందేహములు తెలిపిరి. వారిని పొగడుటకు గాని తెగడుటకు గాని మేము నిలువలేదు. ఆ ప్రచారమునకు పూర్వమే, 1863లో, లండనునందు విలియం బాంటింగ్ అనునతడు రొట్టె, చక్కెర, ఉర్లగడ్డలు మాని బరువు తగ్గిన సంగతిని చిన్న పుస్తకముగా అచ్చు వేసెను. కావున ఈ మార్గము క్రొత్తదియు గాదు, మంత్రమును గాదు.

మనుమరాలికి తోడుగా నుండవలెనని మేమును ఒకనాటి యుదయమున అన్నము పూర్తిగా మానితిమి. చక్కెరను తగ్గించుటకు మేము మ్రింగు గ్లిమిపిరైడు మాత్రను మాత్రము మానలేదు, వైద్యునకు చెప్పను లేదు. నాలుగవనాడు తాడేపల్లిగూడెము ఉల్లిపాయల మార్కెట్టు దగ్గర నడచుచుండగా ఒడలెల్ల చెమటలు పట్టి, చేతులు వణకి, కన్నులు చీకట్లు క్రమ్మి బస్తాలమీద కూలబడితిమి. ఒక హమాలీ చక్కెర కలిపిన నీరు నోట పోయగా తేరుకొంటిమి. దోషము ఆహారముది కాదు, మాత్రది కాదు. రెంటిని కలిపి ఆలోచింపని మాది. తిండిలో చక్కెర తగ్గగా మాత్ర తన పని తాను చేసికొనిపోయినది. ఇన్సులిన్ సూది వేసికొనువారికి ఈ యపాయము మరింత హెచ్చు.

మనుమరాలి పని యింకొక విధముగా చెడెను. చుట్టముల మాట విని ఆమె గింజ యన్నము ముట్టక పది దినములు గడపెను. తలనొప్పి, నీరసము, మలబద్ధము కలిగెను. పదునొకండవనాడు స్నేహితురాండ్రతో పోయి కడుపునిండ బిర్యానీ తిని, ఇంటికి వచ్చి యేడ్చెను. అప్పుడు వైద్యురాలు చెప్పిన మాట మేము వ్రాసి యుంచుకొంటిమి: "ఏడాది నిలుపుకోగలిగిన తిండే తినండి." 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకములును ఈ వ్యాధికి ఒక ఆహారవిధానము వేరొకదానికంటె మిన్న యని చెప్పలేదు, ఆరోగ్యకరమై ఆ మనుష్యురాలికి కుదురునదే తగినదనినవి. మధుమేహులపై జరిగిన పరీక్షలను కలిపి 2021లో ప్రకటించిన విమర్శయందు, పిండిపదార్థములు తగ్గించినవారికి ఆరునెలలకు కనిపించిన యధిక లాభము పండ్రెండు నెలలకు తరిగిపోయెను. పట్టుదల చాలనిచో తొలి యుత్సాహము నిలువదు గదా.

ఆ పిమ్మట మేము అవలంబించిన క్రమమును చెప్పెదము. మొదటి పక్షమున చక్కెర కాఫీ, పానీయములు, బిస్కత్తులు, పూతరేకులు మాత్రమే మానితిమి. రెండవ పక్షమున రాత్రి యన్నము మానితిమి. మూడవ పక్షమున పగటి యన్నమును ఒక చిన్న గిన్నెకు తగ్గించితిమి. విస్తరిలో ముందు కూర, పప్పు, తరువాతనే అన్నము. ఉదయమున ఉప్మా లేని పెసరట్టు గాని, కోడిగ్రుడ్లు గాని. రాత్రి శీలావతి లేక బొచ్చె ముక్కలు, చేపలు తిననివారికి పెసల గుగ్గిళ్లు, పనీరు, వేరుసెనగలు. బీర, ఆనప, దొండ, వంకాయ, తోటకూర, గోంగూర కడుపునిండ తినవచ్చును. నూనె గ్రాముకు 9 కెలోరీలు, పిండిపదార్థము గ్రాముకు 4 కెలోరీలు గనుక అన్నము మానితిమని నేయి గరిటెలతో పోసికొనరాదు. భోజనానంతరము అరగంట నడచుచుంటిమి. మా మాత్రను వైద్యుడు తగ్గించెను, మేము తగ్గింపలేదు.

ఎనిమిది మాసములలో మనుమరాలు 74 కిలోలనుండి 68 కిలోలకు వచ్చెను. ఆరవ మాసమునుండి నెలసరి ముప్పదియైదు, నలువది దినముల కొకసారి వచ్చుచున్నది. గడ్డపు వెండ్రుకలు పోలేదు; వానికి వేరుగా చికిత్స జరుగుచున్నది. మెట్ఫార్మిన్ మాత్ర సాగుచున్నది. వ్యాధి పోయినదని మేము చెప్పము. అది వశములో నున్నది, ఆమె నవ్వుచున్నది.

కొన్ని హెచ్చరికలు చెప్పుట మా విధి. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, మూత్రపిండముల వ్యాధి గలవారు, బాల్యమునుండి ఇన్సులిన్‌పై జీవించువారు వైద్యుని యాజ్ఞ లేక ఇట్టి పథ్యము ఆరంభింపరాదు. డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడువారు పిండిపదార్థములు పూర్తిగా మానినచో రక్తము ఆమ్లపూరితమై ప్రాణాపాయము కలుగవచ్చును. రక్తపుపోటు మాత్రలు గూడ సరిచూడవలసి యుండును. అవటు గ్రంథి, అనగా థైరాయిడు, మందగించినవారికి అన్నము తగ్గించుట మందు కాదు. వారు తమ మాత్రను పరగడుపున నీటితో మ్రింగి, అరగంట మొదలు గంట సేపు ఆగి కాఫీ త్రాగవలెను. పి.సి.ఓ.ఎస్. గల స్త్రీకి బరువు తగ్గగా గర్భధారణశక్తి తిరిగి రావచ్చును గనుక వివాహితలు ఆ సంగతియు నెరిగి యుండవలెను.

తుదకు సంఘమునకు మూడు విన్నపములు. మొదటిది: మన సమావేశములందు కూరలు, పప్పు ముందు వడ్డించి, అన్నమును అడిగినవారికి అడిగినంతే పెట్టుడు. వలదన్నవారిని మొగమాటపెట్టి మారు వడ్డించుట మర్యాద యనుకొనకుడు. రెండవది: విద్యార్థి వేతనములిచ్చు పోషకమహాశయులు, మన వసతిగృహములలోని బాలికలకు ఏటేట రక్తపరీక్ష, స్త్రీవైద్యురాలి సలహా ఏర్పాటు చేయుదురు గాక. మూడవది యన్నిటికంటె ముఖ్యము: పెండ్లిచూపులలో పిల్ల బరువును, నెలసరిని గుసగుసలతో ఆరా తీయు ఆచారమును మానుదము. దాచవలసి వచ్చిన వ్యాధికి చికిత్స ఆలస్యమగును. మా బిడ్డకు ఏడాది యాలస్యమైనది. ఆ ఏడాదిని తినివేసినది అన్నము గాదు, మన నాలుకల భయము.

ఈ మాట పలుకుటకు మాకును ఏడాది పట్టినది. ఈ సభలో నేడు మనుమరాలిని, కుమార్తెను వెంటబెట్టుకొని కూర్చున్న తల్లులు ఇంటికి పోయి, తలుపు వేసికొనకుండ, ఆ బిడ్డను "నీకెట్లున్నదమ్మా" అని యడిగినచో మా శ్రమ ఫలించినట్లే. భోజనమునకు ఆలస్యమైనందులకు క్షమింపుడు.

స్వస్తి.