బాలుర మనస్సును చదువు విద్య
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యావిషయమై నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్నాదేశించిరి. నేను వక్తను గాను. ఈ పాతనగరమున సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గొన్న బడిపంతులను. మన విద్యానిధినుండి వేతనములు పొందు విద్యార్థుల పట్టికను చూచినప్పుడెల్ల నాకు సంతోషము కలుగును. అందు ఇంజనీరింగు కలదు, వైద్యము కలదు, వాణిజ్యము కలదు. కాని బాలుని మనస్సు ఎట్లు పెరుగునో విశ్వవిద్యాలయమున చదువుకొందునని వేతనము కోరినవారు నాకెన్నడును కనబడలేదు. మనమును అట్టి చదువొకటి కలదని వారికి చెప్పలేదు. ఆ లోపమును గూర్చియే నేడు విన్నవించెదను.

మొదట నా తప్పొకటి చెప్పుకొనవలెను. సుమారు ముప్పదియేండ్ల క్రిందట నా తరగతిలో ఒక బాలుడుండెను. పద్యమును రెండుమారులు విన్నచో తప్పులేక అప్పజెప్పెడివాడు. పుస్తకము చేతికిచ్చి చదువుమన్నచో నోరు మెదపడు. వ్రాయుమన్నచో గుడులు, వత్తులు తారుమారగును. ఇంత ధారణ గలవాడు చదువకుండుట మొండితనమేయని నేను నిశ్చయించితిని. బెత్తము పట్టితిని, తరగతియెదుట నిలువబెట్టితిని. ఎనిమిదవ తరగతి ముగియకముందే వాడు బడి మానెను. చాలకాలమునకు పిమ్మట లాడ్‌బజారులో ఒక గాజుల దుకాణదారుడు నన్ను పిలిచి నమస్కరించెను. వాడే! "సారూ, మీరు చదివి వినిపించినయన్నీ నాకింకా యాదికున్నయి. నన్ను చదవమంటెనే రాకపోయేది" అని, నేనెన్నడో నేర్పిన పద్యమును తడబడక అప్పజెప్పెను. వాని కంఠమున కోపము లేదు. అందుచేతనే నాకు మరింత సిగ్గు కలిగెను.

తెలివి యుండియు అక్షరములు పట్టుబడని స్థితిని నేడు డిస్లెక్సియా యందురు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఇట్టి అభ్యసనలోపములను గుర్తించినది. ఆ బాలునిది అదియే యని నేనిప్పుడు తీర్పు చెప్పజాలను. పరీక్షించి చెప్పగలవారు ఆనాడు మా బడిలో లేరు. అట్టివారెక్కడనైన నున్నారేమోయని నేను విచారింపనులేదు. నా అపరాధమంతయు అందే యున్నది.

మన పెద్దలు బాల్యమును గమనింపలేదని యనరాదు. ఐదేండ్లవరకు కౌమారము, పదేండ్లవరకు పౌగండము, ఆపై కైశోరము అని వయోభేదములకు సంస్కృతమున పేర్లున్నవి. ఆయుర్వేదపు ఎనిమిది అంగములలో కౌమారభృత్యమొకటి. ఐదేండ్లు లాలన, పిదప పదేండ్లు దండన, పదునారవయేట మైత్రి యను నీతియు మీరెరిగినదే. నేను దానిని ఏటేట బోధించితిని. కాని నడిమి మాటను పాటించినంత శ్రద్ధగా కడపటి మాటను పాటింపనైతిని. పేరు పెట్టుట వేరు, పరీక్షించి తెలిసికొనుట వేరు. ఈ రెండవపనికే విశ్వవిద్యాలయములలో శాస్త్రమేర్పడినది.

ఆ శాస్త్రము ఏమి నేర్పును? ఒక వెడల్పుగిన్నెలోని నీళ్లను ఐదేండ్ల బిడ్డయెదుట సన్నని పొడుగు గ్లాసులో పోయుడు. 'ఇప్పుడు నీళ్లు ఎక్కువైనవి' అనును. మనము నవ్వుదుము. స్విట్జర్లాండుకు చెందిన జాన్ పియాజే (1896–1980) నవ్వక, ఎందుచేత నట్లనిపించినదని అడిగెను. బిడ్డ తప్పుజవాబులో సైతము ఒక క్రమము కలదనియు, అది వయస్సుతో మారుననియు చూపెను. రష్యాదేశీయుడు లెవ్ వైగాట్‌స్కీ (1896–1934) మరియొకటి చెప్పెను: బిడ్డ ఒంటరిగా చేయగలిగినదానిని మాత్రమే కొలువరాదు, పెద్దవారి తోడ్పాటుతో చేయగలిగినదానిని కూడ చూడవలెను. నేను చదివి వినిపించినప్పుడు ఆ బాలుడు నేర్చుకొనెను గదా! త్రోవ నా యెదుటనే యుండెను, నేను చూడనైతిని.

ఈ విద్య పరదేశముల మాట మాత్రమే కాదు. 'యంగ్ లైవ్స్' అను పరిశోధనము ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము ఆధ్వర్యమున 2002 నుండి నాలుగు దేశములలో జరిగినది. భారతదేశమున దానికి క్షేత్రము నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమే. హైదరాబాదు, మహబూబ్‌నగరము, కరీంనగరము, శ్రీకాకుళము, పశ్చిమగోదావరి, అనంతపురము, కడప జిల్లాలలో సుమారు 3,000 మంది పిల్లలను ఎన్నుకొని, వారినే ఏండ్లతరబడి మరల మరల కలిసికొని, తిండి, చదువు, ఆశలు, భయములు విచారించిరి. ఎనిమిదేండ్ల పిల్లలలో నాలుగింట మూడువంతులకు పైగా, గడచిన వారములో ఉపాధ్యాయునిచే దెబ్బలు తింటిమని చెప్పిరి. బడి ఎందుకు నచ్చదన్నప్పుడు పిల్లలు చెప్పిన కారణములలో దెబ్బలు, తిట్లు ముఖ్యమైనవి. బాలల విద్యాహక్కు చట్టము (2009) 17వ విభాగము శారీరకదండనను, మానసికవేధింపును నిషేధించినది. చట్టము చేయి పట్టి ఆపగలదు. ఆ చేతికి మారుగా ఏమి చేయవలెనో చెప్పునది ఈ శాస్త్రము.

మరియొక సంగతి మన పాతనగరమునకు మిక్కిలి చేరువైనది. మన బిడ్డ ఇంట తెలుగు, వీధిలో ఉర్దూ, బడిలో ఇంగ్లీషు వినును. ఒక్క ఇంగ్లీషు ప్రశ్నపత్రముతో వాని బుద్ధిని తూచుట న్యాయమా? ఫ్రాన్సులో ఆల్‌ఫ్రెడ్ బినే 1905లో బుద్ధిపరీక్షను కల్పించినది తోడ్పాటు కావలసిన పిల్లలను గుర్తించుటకే. ధార్వాడమున వి. వి. కామత్ దానిని కన్నడ, మరాఠీ బాలురకు అనువుగా మార్చెను. ప్రతి భాషకును అట్టి శ్రమ చేయువారు కావలెను. తెలుగు గుణింతములు, ఒత్తులు బిడ్డకు ఎక్కడ అడ్డుపడునో ఇంగ్లీషు పుస్తకము చెప్పదు. తెలుగింట పుట్టి ఈ శాస్త్రము చదివినవారే చెప్పవలెను.

ఇక కైశోరము. అమెరికాలో స్టాన్లీ హాల్ 1904లో ఆ వయస్సును గూర్చి రెండు సంపుటముల గ్రంథము వ్రాసి, దానిని తుపానుకాలమని భావించెను. ప్రతి పిల్లవానికి అట్లే జరుగదని తరువాతివారు దిద్దిరి. ముందుచూపునకు, నిగ్రహమునకు ఆధారమైన మెదడు ముందరిభాగము ఇరువదియైదేండ్ల ప్రాయము వరకు పరిపక్వమగుచునే యుండునని నేటి శాస్త్రము చెప్పుచున్నది. అట్టి లేతవయస్సుమీద మనము పరీక్షాఫలితమును బండరాతివలె పెట్టుచున్నాము. 2019 ఏప్రిల్ మాసమున తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిదప ఇరువదిమందికి పైగా బాలబాలికలు ప్రాణములు కోల్పోయిరి. ఆ గృహములలో ప్రేమకు లోపమున్నదని నేననను. కాని బిడ్డ మౌనములోని బాధను పోల్చుకొనుట ప్రేమ యొక్కటే నేర్పదు. అట్టి బాధ కనబడినచో 2022లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలిమానస్‌కు 14416 సంఖ్యకు ఫోను చేసి, శిక్షణ పొందినవారితో మాటలాడవచ్చును. సిగ్గుపడవలదు.

ఈ చదువునకై దూరము పోనక్కరలేదు. మూసీ దాటగానే కోఠిలో 1924 నాటి స్త్రీల కళాశాల కలదు. అది 2022లో మహిళా విశ్వవిద్యాలయమైనది. 1918లో స్థాపింపబడిన ఉస్మానియాలో మనోవిజ్ఞానశాఖ కలదు. సైఫాబాదులో పూర్వము గృహవిజ్ఞాన కళాశాల యనబడిన సంస్థలో శిశువికాసము, కుటుంబజీవనము పాఠ్యములు. సికింద్రాబాదు మనోవికాస్‌నగరమున, బుద్ధివైకల్యము గలవారికై 1984లో స్థాపించిన జాతీయసంస్థ ప్రత్యేకోపాధ్యాయులకు శిక్షణ యిచ్చుచున్నది. ఒక హెచ్చరిక: బి.ఏ., ఎం.ఏ. పట్టములతోనే చికిత్స చేయరాదు. చికిత్సామనోవిజ్ఞాన వృత్తికి వేరు శిక్షణయు, 1992 శాసనము ననుసరించి ఏర్పడిన పునరావాస పరిషత్తునందు నమోదును కావలెను. మార్గము దీర్ఘము, ఇంజనీరునకు వలె వెంటనే ధనము రాదు. అందుచేతనే పేదింటి బిడ్డకు సంఘము చేయూత కావలెను.

కావున మూడు మనవులు చేయుచున్నాను. మన నిధినుండి ఏటేట ఒక వేతనమును ఈ విద్యకై ప్రత్యేకింపుడు; బాలికలను మొదట తలపుడు. మన వసతిగృహమునకు నెలకు రెండుమారులైన శిక్షితుడగు సలహాదారుని పిలిపింపుడు. వచ్చే మహాసభలో మార్కులు తెచ్చినవారికి శాలువలు కప్పునప్పుడే, తప్పినవారిని పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొని వారి మాట వినుడు.

మొదటి వేతనమునకై నా పింఛనునుండి ఒక మాసపు మొత్తమును ఈ సభయందే సమర్పించుచున్నాను. దానికి నా పేరు పెట్టవలదు. లాడ్‌బజారులోని ఆ దుకాణదారుడు సమ్మతించినచో వాని పేరు పెట్టుడు. వాడు నాకు చాల ఆలస్యముగ పాఠము చెప్పిన గురువు.