కళ్ళకు చల్లదనం

(మన సంఘం వార్షిక సభ, ఎర్రుపాలెంలో చేసిన ప్రసంగ పాఠం)





ఏటా ఈ సభలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లల్ని వేదిక మీదికి పిలుస్తాం. వాళ్ళ వెనకే నిలబడ్డ అమ్మానాన్నల ముఖాలు చూస్తాం. ఆ ముఖాల్లోని వెలుగు చూడటానికే ఈ సభ పెట్టుకుంటున్నామేమో అనిపిస్తుంది. ఈ ఏడు ఆ వెలుగు గురించే నాలుగు మాటలు చెప్పాలనుకున్నాం.

"మా అబ్బాయిని చూస్తే గర్వంగా ఉంది" అంటాం. గర్వం అన్న మాట దగ్గర మనం కాస్త ఆగాలి. మన దీన్‌లో గర్వానికి చోటు లేదు. మరి సంతానాన్ని చూసి తల్లిదండ్రులకు కలిగే ఆ సంతోషాన్ని ఏమనాలి? దివ్య ఖుర్ఆన్‌లో ఫుర్ఖాన్ సూరా చివర అల్లాహ్ దాసుల గుణాలు చెప్పిన చోట ఒక దుఆ ఉంది. జీవిత భాగస్వాముల్ని, సంతానాన్ని కళ్ళకు చల్లదనంగా చెయ్యమని అందులో వేడుకుంటారు. తెలుగులో మన అమ్మలు "నా కడుపు చల్లగా ఉంది" అనే మాట దానికి ఎంత దగ్గరో చూడండి. గర్వం తల పైకెత్తిస్తుంది. ఈ చల్లదనం తల వంచి షుక్ర్ చేయిస్తుంది.

ఆ చల్లదనం ఎక్కడ దొరుకుతుంది? కొడుకు పుట్టినప్పుడు కాదు, లోకులు వాడిని మెచ్చుకున్నప్పుడే తండ్రికి నిజమైన సంతోషమని సుమతీ శతకంలో బడిలోనే చదువుకున్నాం. మంచి మాటే. కానీ లోకులు చూసేది ఎప్పుడో చివర్లో. గుణం పెరిగేది ఎవరూ చూడని చోట. మాకు ఎదురైన ఒక సంగతి చెబుతాం.

కొన్నేళ్ళ కిందట ఇంటర్ చదివే ఒక అమ్మాయి ఫీజు కోసం దరఖాస్తు వచ్చింది. తండ్రి ఆటో నడుపుతారు. 8,000 రూపాయలు అడిగారు. పద్ధతి ప్రకారం మాలో ఇద్దరం ఇంటికి వెళ్ళాం. "ఇంకెక్కడి నుంచైనా సాయం అందిందా?" అని అడిగాం. "లేదు" అన్నారు ఆయన. మంచినీళ్ళు తెచ్చిన అమ్మాయి అక్కడే ఆగిపోయింది. "అబ్బా, మామూ పోయిన నెల సగం కట్టారు కదా" అంది. గదిలో కాసేపు ఎవరికీ మాట రాలేదు. ఆయన తల దించుకున్నారు. ఆటో ఫైనాన్స్ వాయిదా రెండు నెలలుగా కట్టలేదని మాకు తర్వాత తెలిసింది. ఆ మిగిలే డబ్బు దేనికో అప్పుడు అర్థమైంది.

మేము 4,000 మాత్రమే మంజూరు చేశాం. మిగతాది జాబితాలో తర్వాత ఉన్న పాపకు వెళ్ళింది. నిజం చెప్పినందుకు ఆ అమ్మాయికి మా చేతుల మీదుగా అందింది కోతే. కమిటీలో దీని మీద వాదన జరిగింది. "ఇంత నిజాయతీ చూపిన పిల్లకు మొత్తం ఇచ్చేద్దాం" అన్నారు కొందరు. "జకాత్ సొమ్ము బహుమతి కాదు, అమానత్. అర్హత ఉన్నంత వరకే ఇవ్వగలం. నిజం చెప్పినందుకు డబ్బిస్తే రేపు నిజం కూడా డబ్బు అడిగే ఉపాయమైపోతుంది" అన్నారు పెద్దలు. పెద్దల మాటే నిలిచింది. దాతల ముందు ఈ రోజు కూడా ఆ నిర్ణయం సరైనదనే చెబుతున్నాం.

కానీ ఒక తప్పు చేశాం. "మీ బిడ్డను చాలా బాగా పెంచారు" అని ఆ తండ్రితో ఆ రోజు ఒక్క మాట అనకుండా వచ్చేశాం.

మూడు నెలల తర్వాత జుమా నమాజ్ అయ్యాక ఆయనే మా దగ్గరికి వచ్చారు. "ఆ రోజు మీ ముందు నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి పిల్ల మీద కేకలేశాను. రాత్రి నిద్ర పట్టలేదు. ఆటోలో ఎవరైనా సంచి మర్చిపోతే, విప్పి కూడా చూడకుండా తీసుకెళ్ళి ఇచ్చేవాణ్ణి. చిన్నప్పుడు ఇది నాతోనే ఆటోలో వచ్చేది. అది చూసే నేర్చుకుంది. నేను మర్చిపోయింది నా బిడ్డ గుర్తుపెట్టుకుంది" అన్నారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. మార్కుల జాబితా పట్టుకుని ఈ వేదిక ఎక్కిన ఏ తండ్రి ముఖంలోనూ అంత వెలుగు మేము చూడలేదు.

ఆటో నడిపిన మరో తండ్రిని ఇక్కడ తలచుకోవాలి. హైదరాబాదు ముహమ్మద్ గౌస్ గారు. క్రికెటర్ ముహమ్మద్ సిరాజ్ తండ్రి. కొడుకు దేశం తరఫున టెస్టు ఆడాలన్నది ఆయన కల. 2020 నవంబరు 20న ఆయన కన్నుమూశారు. అప్పుడు సిరాజ్ ఆస్ట్రేలియాలో ఉన్నాడు. ఇంటికి వెళ్ళవచ్చని బోర్డు చెప్పింది. నాన్న కల నెరవేర్చమని తల్లి ఫోనులో ధైర్యం చెప్పింది. అతను ఉండిపోయాడు. డిసెంబరు 26న మెల్‌బోర్న్‌లో మొదటి టెస్టు ఆడాడు. సిడ్నీలో ప్రేక్షకుల్లో కొందరు జాతి పేరుతో దూషిస్తే తిరిగి తిట్టలేదు. మైదానం వదిలి పోలేదు. కెప్టెన్‌కు, అంపైర్లకు చెప్పి తన పని తాను చేశాడు. బ్రిస్బేన్‌లో రెండో ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీశాడు. 2021 జనవరిలో శంషాబాద్‌లో దిగి, ఇంటికంటే ముందు తండ్రి సమాధి దగ్గరికి వెళ్ళాడు.

2023 సెప్టెంబరు 17న కొలంబోలో ఆసియా కప్ ఫైనల్ జరిగింది. సిరాజ్ 21 పరుగులకు 6 వికెట్లు తీస్తే శ్రీలంక 50 పరుగులకే ఆలౌటైంది. ఆ ఆటకు తనకు వచ్చిన 5,000 డాలర్లను వానల్లో పిచ్‌ను కాపాడిన మైదానం సిబ్బందికి ఇచ్చేశాడు. వికెట్లు తీయడం కోచ్‌లు నేర్పవచ్చు. చెమటోడ్చే వాళ్ళ కష్టం కళ్ళకు కనిపించడం మాత్రం ఆటో తోలే ఇంట్లో నేర్చుకున్నదే అనుకుంటాం.

గౌస్ గారు ఆ టెస్టు చూడలేదు. ఆ బహుమతి ఎవరికి చేరిందో చూడలేదు. అందుకే తల్లిదండ్రులకు మా మనవి. ఫలితం వచ్చే రోజు కోసం ఆగకండి. ఆ రోజుకు మనం ఉంటామో లేదో అల్లాహ్‌కే తెలుసు. మీ బిడ్డ ఈ రోజు చూపిన చిన్న మంచిని ఈ రోజే చూడండి. లుఖ్మాన్ (అలై) తన కుమారునికి చేసిన బోధ ఖుర్ఆన్ 31వ సూరాలో ఉంది. అందులో సంపాదన ఊసు లేదు. అల్లాహ్‌కు సాటి కల్పించకపోవడం, నమాజ్, సహనం, అహంకారం లేని నడక, తగ్గించిన గొంతు ఉన్నాయి. ఆవగింజంత పని కూడా అల్లాహ్ లెక్కలోకి వస్తుందన్న హెచ్చరిక ఉంది. మనమేమో కొండలంత ఫలితాల కోసం ఎదురుచూస్తూ ఆవగింజల్ని తొక్కేస్తున్నాం.

పిల్లలు మన మాట కంటే మన చేతల్నే ఎక్కువ చూస్తారు. 2024 సెప్టెంబరు 1న మన ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. బతుకుతెరువు కోసం హర్యానా నుంచి వచ్చిన జేసీబీ డ్రైవర్ సుభాన్ ఖాన్ వరదలోకి బండి నడిపించుకుంటూ వెళ్ళి వాళ్ళను ఒడ్డుకు చేర్చారు. పోతే తనదొక్క ప్రాణం, తిరిగొస్తే తొమ్మిది ప్రాణాలని లెక్క వేసుకున్నారు. ఆయన కూతురు తండ్రిని తలచుకుని ఎంత పొంగిపోయిందో అప్పుడు మనమంతా విన్నాం. పిల్లల్ని చూసి మన కళ్ళు చల్లబడాలంటే, ముందు మనల్ని చూసి వాళ్ళ కళ్ళు చల్లబడాలి.

దాతలారా! మీరిచ్చే ప్రతి రూపాయికీ ఏటా లెక్క చూపిస్తున్నాం. ఎన్ని ఫీజులు కట్టామో, ఎంతమందికి పుస్తకాలు ఇచ్చామో చెబుతున్నాం. ఆ అమ్మాయి నిజం చెప్పినందువల్ల మీ 4,000 రూపాయలు అంతకంటే అవసరమున్న ఇంటికి చేరాయి. అది ఏ పద్దులోనూ రాయలేం. ఇక నుంచి ఒక పని మాత్రం చేస్తాం. విచారణకు ఏ ఇంటికి వెళ్ళినా, ఆ పిల్లలో కనిపించిన మంచిని లేచి వచ్చే ముందే తల్లిదండ్రులకు చెబుతాం. వేదిక మీద కాదు, వాళ్ళ గడపలోనే. దానికి ఖర్చు లేదు. మీరూ మీ వీధిలో అలాగే చెయ్యండి.

ఆ తండ్రి ఈ సభలో ఉన్నారేమోనని వెనక్కి తిరిగి చూడకండి. ఉంటే, ఆయన్ని ప్రశాంతంగా కూర్చోనివ్వండి. ఆ రోజు ఆయనకు చెప్పాల్సిన మాట ఆలస్యంగానైనా ఇక్కడి నుంచి చెబుతున్నాం: భాయ్, మీ బిడ్డను చాలా బాగా పెంచారు.

మన సంతానాన్ని మన కళ్ళకు చల్లదనంగా, మనల్ని వాళ్ళకు మంచి మాదిరిగా అల్లాహ్ చేయుగాక. ఆమీన్.